బ్లూ రామ్ కొనేముందు నీళ్లు తయారు చేసుకోండి

చేపల షాపులో తొట్టెల ముందు నడుస్తూ, పసుపు ఒంటి మీద నీలం చుక్కలు మెరుస్తూ కంటి మీదుగా నల్లగీత ఉన్న రెండంగుళాల చేప దగ్గర ఆగిపోయారంటే, అది దాదాపు జర్మన్ బ్లూ రామ్ అయ్యుంటుంది. నేనూ అలాగే ఆగిపోయాను. అదే రోజు కొత్త తొట్టీ ఒక జతా కొన్నాను. నీళ్లు పోసి ఒక్కరోజు ఆగితే చాలని షాపులో చెప్పారు, నమ్మాను. తొమ్మిదో రోజుకి రెండూ పోయాయి. ఏదో జబ్బు అనుకున్నాను కానీ వాటికి జబ్బేమీ లేదు, నీళ్లే తయారవలేదు. ఆ జత గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది, అందుకే మొదటిసారి పెంచేవాళ్లకి ఇదంతా వివరంగా చెప్తున్నాను.

పేరులో జర్మన్ ఉన్నా ఇది దక్షిణ అమెరికా చేప, వెనిజులా, కొలంబియాల్లో ఒరినోకో నది పారే గడ్డి మైదానాలు దీని సొంతూరు. రామ్ అన్న పేరుకీ మన రాముడికీ సంబంధం లేదు. దీన్ని సేకరించినవాళ్లలో ఒకరైన మాన్యుయెల్ రామిరెజ్ పేరు మీద 1948లో శాస్త్రీయ నామం పెట్టారు, దాన్నే పొట్టి చేసి రామ్ అంటున్నారు. అక్కడి నీళ్లు లోతు తక్కువ, వెచ్చగా ఉంటాయి, ఉప్పూ సున్నమూ దాదాపు ఉండవు, కాస్త ఆమ్లంగా ఉంటాయి. మన బోరు నీళ్లు చాలాచోట్ల దానికి సరిగ్గా తలకిందులు. సున్నితమైన చేప అని అందరూ అనేది ఇందుకే, దానికి అలవాటైన నీళ్లు వేరు, మనం పోసేవి వేరు.

ఒక జతకి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి సరిపోతుంది, దాదాపు 55 లీటర్లు పడతాయి. గుండ్రటి గాజు గిన్నెలో మాత్రం వద్దు. అడుగున రంగురంగుల గులకరాళ్లకి బదులు సన్నటి ఇసుక వేయండి, ఎందుకంటే ఈ చేప ఇసుకని నోట్లోకి తీసుకుని జల్లించి వదులుతుంది. దీని శాస్త్రీయ నామంలో మొదటి మాటకి అర్థమే మట్టి తినే చిన్నది. ఒక స్పాంజ్ ఫిల్టరు, దానికి ఎయిర్ పంపు, 50 నుంచి 75 వాట్ల హీటరు, విడిగా ఒక థర్మామీటరు కావాలి. హీటరు మీదున్న అంకెను నమ్మకండి, థర్మామీటరు చూపించేదే లెక్క. రామ్‌కి 27 నుంచి 30 డిగ్రీలు ఉండాలి. మనది వేడి ప్రాంతం కదా, హీటరెందుకు అని చాలామంది అడుగుతారు. డిసెంబర్, జనవరి రాత్రుల్లో హైదరాబాద్‌లో ఇంట్లో పెట్టిన నీళ్లు ఎంత చల్లబడతాయో ఒక్కసారి కొలిచి చూస్తే మళ్లీ అడగరు.

ఇక అసలు పని. చేప విసర్జించేదీ, మిగిలిపోయి కుళ్లే మేతా కలిసి నీళ్లలో అమ్మోనియా అవుతుంది, అది విషం. ఫిల్టరు స్పాంజిలో నెమ్మదిగా స్థిరపడే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం బ్యాక్టీరియా నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది, ఇది కొద్దిగా ఉంటే చేప తట్టుకుంటుంది. ఈ రెండు రకాలూ సరిపడా పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్లూ తొట్టిలో చేప ఉండకూడదు. ఫిల్టరు, హీటరు ఆన్ చేసి రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండండి, అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది, బ్యాక్టీరియాకి అదే తిండి. చుక్కల మందుతో చూసే టెస్ట్ కిట్ ఒకటి కొనుక్కోండి, కాగితం పట్టీల కంటే అది నయం. ముందు అమ్మోనియా పెరుగుతుంది, తర్వాత నైట్రైట్ పెరుగుతుంది, చివరికి రోజూ మేత పడుతున్నా రెండూ సున్నా దగ్గర నిలబడి నైట్రేట్ మాత్రం కనిపిస్తుంది. అప్పుడు నీళ్లు తయారైనట్టు. ఎన్నాళ్లుగానో నడుస్తున్న తొట్టి స్నేహితుల ఇంట్లో ఉంటే, వాళ్ల ఫిల్టరు స్పాంజి ముక్క తెచ్చి మీ దాంట్లో పెట్టండి, సగం కాలం కలిసొస్తుంది. కొత్త తొట్టిలో నీళ్లు అద్దంలా కనిపిస్తాయి, అమ్మోనియా కంటికి కనబడదు, నేను మోసపోయింది అక్కడే.

నీళ్లు ఎక్కడివన్నది కూడా చూడాలి. మున్సిపల్ కుళాయి నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది, షాపుల్లో యాంటీ క్లోరిన్ పేరుతో దొరికే మందు తప్పకుండా కలపండి. బోరు నీళ్లయితే చిన్న టీడీఎస్ మీటరుతో కొలవండి, నీళ్లలో కరిగిన లవణాలెంతో చెప్పే అంకె అది, 500, 800 కూడా చూపించొచ్చు. రామ్‌కి 100 నుంచి 200 మధ్య అయితే హాయి. ఆర్‌ఓ నీళ్లలో మామూలు నీళ్లు కొంత కలిపి ఆ అంకెకి తెచ్చుకోవచ్చు, ఒట్టి ఆర్‌ఓ నీళ్లు మాత్రం పోయకండి, వాటిలో ఖనిజాలు లేక పీహెచ్, అంటే నీళ్ల ఆమ్లగుణం చెప్పే అంకె (తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ), నిలకడగా ఉండదు. ఏ పాళ్లలో కలిపారో రాసి పెట్టుకుని ప్రతిసారీ అదే పాళ్లలో కలపండి. అంకె కాస్త అటూ ఇటూ ఉన్నా చేప సర్దుకుంటుంది కానీ వారానికో రకం నీళ్లు పోస్తే తట్టుకోలేదు. మన వీధుల్లో నీడ కోసం పెంచే పెద్దాకుల బాదం చెట్టు ఉంది కదా, దాని ఎండి రాలిన ఆకు ఒకటి శుభ్రంగా కడిగి తొట్టిలో వేస్తే నీళ్లు లేత టీ రంగులోకి వస్తాయి. ఆ రంగు ఈ చేపకి ఇష్టం. పచ్చి ఆకు వద్దు, పురుగుమందు కొట్టే చోట ఏరినదీ వద్దు.

కొనేటప్పుడు తొందరపడకండి. తెలుగు ఊళ్లలో అమ్మే రంగు చేపలు చాలామటుకు చెన్నై కొళత్తూరు వైపు నుంచి వస్తాయి, దారిలోనే బాగా అలిసిపోతాయి, కాబట్టి షాపుకి వచ్చి కనీసం వారం అయినవాటినే తీసుకోండి. మీ ఎదురుగా మేత వేయించి తింటున్నాయో లేదో చూడండి. రెక్కలు ముడుచుకుని మూలన నిలబడినదీ, పొట్ట లోపలికి పోయినదీ, తెల్లటి దారంలా విసర్జించేదీ వద్దు. మరీ చిన్న పిల్లకి మరీ ముదురు రంగు ఉంటే నేనైతే వదిలేస్తాను, హార్మోన్లతో రంగు తెప్పించే పద్ధతి ఉంది, అలాంటివి ఎక్కువ కాలం నిలవవు. ఆడదానికి పొట్ట గులాబీ రంగులో ఉంటుంది, ఒంటి పక్క భాగంలో ఉన్న నల్లమచ్చలో నీలం మెరుపులు కనిపిస్తాయి. మగదానికి వీపు రెక్క ముందు పుల్లలు పొడుగ్గా ఉంటాయి.

దగ్గరి షాపులో కొంటే కవరుని 20 నిమిషాలు తొట్టిలో తేలనిచ్చి, తర్వాత గంటసేపు కొంచెం కొంచెంగా తొట్టి నీళ్లు కవర్లో పోస్తూ అలవాటు చేయండి. పార్శిల్‌లో పది, పన్నెండు గంటలు ప్రయాణం చేసి వచ్చిన చేపలకి ఈ పద్ధతి పనికిరాదు. మూసిన కవర్లో కార్బన్ డయాక్సైడ్ చేరి పీహెచ్ తగ్గుతుంది, అందువల్ల అమ్మోనియా అంత హాని చేయదు, కవరు విప్పగానే పీహెచ్ పెరిగి అదే అమ్మోనియా విషంగా మారుతుంది. వేడి సమానం అయ్యేదాకా ఆగి, కవరు కోసి, వలతో వెంటనే తొట్టిలోకి మార్చేయండి. రెండు సందర్భాల్లోనూ కవర్లో నీళ్లు తొట్టిలో పోయొద్దు. ఆ రోజు లైటు ఆపేయండి, మేత మర్నాడు వేయొచ్చు.

తోడుగా కార్డినల్ టెట్రాలు, రమ్మీనోజ్ టెట్రాలు బాగుంటాయి, అవి ఆ వేడిని తట్టుకుంటాయి. గోల్డ్‌ఫిష్‌కి చల్లటి నీళ్లు కావాలి, టైగర్ బార్బులు రెక్కలు కొరుకుతాయి, రెండూ వద్దు. మేత రోజుకి రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత వేయండి. చిన్న గింజల మేత, వారంలో రెండు రోజులు ఫ్రోజెన్ బ్రైన్ ష్రింప్ (గడ్డకట్టించి అమ్మే, రొయ్యల్లాంటి చిన్న జీవులు) చాలు. మురుగు కాలవల్లో పట్టి తెచ్చే బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులు పెట్టకండి, రోగాలు వాటితోనే వస్తాయి.

వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చాలి, కొత్త నీళ్లు అదే వేడిలో ఉండాలి. మార్చేముందు హీటరు ప్లగ్గు తీసేయండి, నీళ్లు తగ్గి గాలి తగిలితే గాజు పగులుతుంది, మీకు షాకు ప్రమాదం కూడా. స్పాంజిని ఎప్పుడూ కుళాయి కింద కడగొద్దు. బకెట్లో తొట్టి నీళ్లే తీసుకుని వాటిలో పిండండి, లేకపోతే ఆరు వారాలు పెంచిన బ్యాక్టీరియా క్లోరిన్‌కి పోతుంది.

మన ఇళ్లలో ఎక్కువగా పట్టించుకోని ప్రమాదాలు రెండున్నాయి. ఒకటి దోమల మందు. ప్లగ్గుకి పెట్టే లిక్విడ్‌లో, బొద్దింకల స్ప్రేలో వాడే పైరెథ్రాయిడ్లు చేపలకి చాలా ఘోరమైన విషం, ఎయిర్ పంపు గదిలో గాలినే పీల్చి నీళ్లలోకి పంపిస్తుంది. తొట్టి ఉన్న గదిలో వాటిని పూర్తిగా మానేసి కిటికీలకి దోమతెర వేసుకోండి. రెండోది కరెంటు కోత. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, అందులోనూ ఎండాకాలం మధ్యాహ్నం పంపు ఆగితే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. చార్జింగ్‌తో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి, ఇన్వర్టరు ఉంటే దానికే కలపండి. ఏప్రిల్, మేలో నీళ్లు 32 దాటితే మూత తీసి పైన ఫ్యాన్ గాలి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది.

చేప నల్లబడినా, మేత మానేసినా ముందు టెస్ట్ కిట్ తీయండి, మందు సీసా కాదు. అమ్మోనియా, నైట్రైట్ ఏది కనిపించినా వెంటనే మూడో వంతు నీళ్లు మార్చండి, చాలాసార్లు అంతటితో తేరుకుంటుంది. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు వస్తే వేడి 30కి పెంచి, గాలి ఎక్కువ చేసి, తెల్ల మచ్చల మందు సీసా మీద రాసిన మోతాదులోనే వేయండి.

అన్నీ కుదిరితే ఒకరోజు జత ఒక చదునైన రాయిని ఎంచుకుని నోటితో శుభ్రం చేయడం మొదలుపెడుతుంది. గుడ్లు పెట్టబోతున్నట్టు గుర్తు. ఆ రెండు మూడు రోజులు తొట్టిలో చేయి పెట్టకండి, నీళ్ల మార్పు కూడా వాయిదా వేయండి, బెదిరితే గుడ్లు తామే తినేస్తాయి.