మీ ఇంట్లో ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో మీరే ఎలా లెక్కపెట్టాలి?

కరెంటు బిల్లు చేతికొచ్చాక కంగారుపడే కన్నా నెల మధ్యలోనే మీటరు చూసుకోవడం మేలు. ఇందుకు పెద్ద చదువేమీ అక్కర్లేదు.

ముందు కొలత తెలుసుకోండి. వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఒక యూనిట్ కాలినట్టు. దీని అసలు పేరు కిలోవాట్ అవర్. జౌళ్లలో చెబితే 36 లక్షలు. పరికరం మీది స్టిక్కరులో ఉన్న వాట్లను వాడిన గంటలతో గుణించి 1000తో భాగించండి, యూనిట్లు వచ్చేస్తాయి. 2000 వాట్ల గీజరుకు అరగంటలో ఒక యూనిట్ అయిపోతుంది. అదే యూనిట్‌తో 75 వాట్ల ఫ్యాను 13 గంటలకు పైగా తిరుగుతుంది.

ఫ్రిజ్, ఏసీల దగ్గర ఈ లెక్క కుదరదు, కంప్రెసర్ ఆగుతూ నడుస్తుంది కాబట్టి. వాటి స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. అయితే ఏసీ లేబుల్ మీది అంకె ఏడాదికి 1600 గంటల వాడకానికి కట్టినదని గుర్తుంచుకోండి.

ఇక మీటరు. తెర మీద తేదీ, టైము, వోల్టేజీ ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. పక్కన కేడబ్ల్యూహెచ్ అని ఉన్న అంకె వచ్చేదాకా ఆగి రాసుకోండి. కేవీఏహెచ్ అనే ఇంకో అంకె కూడా రావచ్చు, అది కాదు.

నాకు బాగా నచ్చిన పద్ధతి వేరే ఉంది. ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమంటుంటుంది. దాని దగ్గర 3200 అనో ఇంకో అంకెనో ఉంటుంది. యూనిట్‌కు అన్నిసార్లు వెలుగుతుందని అర్థం. ఇంట్లో అన్నీ ఆపి, మీకు అనుమానం ఉన్న పరికరం ఒక్కటే వేయండి. ఇన్వర్టరును కూడా ఆపాలి, లేకపోతే బ్యాటరీ ఛార్జింగు లెక్కలో కలిసిపోతుంది. ఇప్పుడు నిమిషం పాటు మిణుకులు లెక్కపెట్టండి. 40 వచ్చాయనుకోండి, గంటకు 2400. దాన్ని 3200తో భాగిస్తే 0.75. అంటే ఆ పరికరం గంటకు ముప్పావు యూనిట్ తింటోంది. అన్నీ ఆపినా లైటు మిణుకుమంటూనే ఉంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వైరింగు చూపించండి.

తెలంగాణలో గృహజ్యోతి వర్తించే ఇళ్లకు ఈ జాగ్రత్త మరీ అవసరం. నెలకు 200 యూనిట్ల వరకే ఉచితం, అది దాటితే మొత్తం బిల్లు కట్టాలి. నెలంటే ఒకటో తేదీ నుంచి కాదు, పోయినసారి రీడింగ్ తీసిన రోజు నుంచి లెక్క. పాత బిల్లులోని రీడింగ్‌ను ఈరోజు రీడింగ్‌లోంచి తీసేయండి. పదిహేను రోజులకే 110 దాటిందంటే మిగతా రోజుల్లో గీజరు, ఏసీ వాడకం తగ్గించుకోవాల్సిందే.