విద్యార్థులను గుర్రం ఎక్కించే ముందు శిక్షకుల జాగ్రత్తలు

విశాఖలో వేసవి ఎండకు సముద్రపు ఉక్కపోత తోడవుతుంది కాబట్టి పాఠాన్ని ఉదయం 8 గంటలలోపే ముగించడం మంచిది.

ముందుగా జీనును పరీక్షించాలి. ఉప్పుగాలికి బకిళ్లు తుప్పు పట్టి, తోలు కుట్లు పైకి తెలియకుండానే చివికిపోతాయి గనుక, రికాబుల (పాదాలు పెట్టుకునే లోహపు వలయాల) పట్టీలను రెండు చేతులతో గట్టిగా లాగి చూడాలి. పొట్ట కింది పట్టీని బిగించేటప్పుడు కొన్ని గుర్రాలు ఒళ్లు బిగబట్టి ఛాతీ ఉబ్బిస్తాయి. అందుచేత కాసేపు నడిపించి, విద్యార్థి ఎక్కే ముందు మళ్లీ బిగించాలి. ఒకసారి నేను ఇది మరచినప్పుడు, కుర్రవాడు రికాబులో కాలు పెట్టగానే జీను పక్కకు తిరిగిపోయింది.

గిట్టలలో ఇరుక్కున్న రాళ్లను మడమ వైపు నుంచి ముందుకు గీరి తీయాలి.

గుర్రానికి సరిగ్గా తన వెనుక ఉన్నది కనిపించదు కాబట్టి, విద్యార్థి మెల్లగా మాట్లాడుతూ ఎడమ భుజం వైపు నుంచి దగ్గరకు రావాలి. పగ్గాన్ని చేతికి చుట్టుకోనివ్వరాదు. హెల్మెట్, మడమ ఉన్న బూట్లు లేనివారిని ఎంత బతిమాలినా ఎక్కించరాదు. చెప్పులతో ఎక్కితే పాదం రికాబులోకి దూరిపోయి ఇరుక్కుంటుంది.

గాలిపటాలు, వీధికుక్కలు ఉండే సముద్రతీరానికి తీసుకెళ్లే ముందు, ప్రతి విద్యార్థీ గుర్రాన్ని ఆపగలడో లేదో ఆవరణలోనే చూసుకోవాలి.