వాలంటీర్ల జాబితా తప్పుతోందా? ఎక్కడ తప్పుతోందో ఇలా పట్టుకోండి

తిరుపతిలో ఏ సేవాసంస్థ రిజిస్టరు తెరిచినా వెంకటేశ్‌లు, బాలాజీలు, శ్రీనివాసులు, వెంకటరమణలే కనబడతారు. ఊరంతా స్వామి పేరే మరి. మన చిక్కు కూడా సగం అక్కడే మొదలవుతుంది.

సమస్య: ఒకే మనిషి రెండుసార్లు ఉంటాడు, లేదా ఇద్దరు కలిసి ఒకరైపోతారు.

కారణం: పేరునే గుర్తుగా పెట్టుకోవడం. ఒకసారి ఇంటిపేరు ముందు రాస్తారు, ఇంకోసారి ఇనిషియల్‌తో సరిపెడతారు. ఇంగ్లీషులో రాస్తే స్పెల్లింగు రాసేవాళ్ల ఇష్టం.

పరిష్కారం: ఫోన్ నంబర్లలో ఖాళీలు, ముందున్న సున్నా, 91 తీసేసి పది అంకెలే ఉంచండి. ఎక్సెల్‌లో కండిషనల్ ఫార్మాటింగ్‌కు వెళ్లి డూప్లికేట్ వాల్యూస్ నొక్కితే రెండుసార్లు ఉన్నవి రంగుతో బయటపడతాయి. చూసిన వెంటనే చెరిపేయకండి, తల్లీకూతుళ్లు ఒకే నంబరు ఇచ్చి ఉండొచ్చు. అందుకే ప్రతి ఒక్కరికీ మీదైన వరుస నంబరు ఇవ్వండి. మనిషి మానేసినా ఆ నంబరు ఇంకొకరికి ఇవ్వొద్దు.

సమస్య: తేదీలు తారుమారు.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని చేతులెత్తి అడుగుతున్నాను. ఒక ఆగస్టు 10 రాత్రి రక్తం కావాలంటే మా జాబితా చూసి రేణిగుంటలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాం. పాపం, బండేసుకుని పరుగున వచ్చాడు. మగవాళ్లు రెండు రక్తదానాల మధ్య 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. మా షీటు 96 రోజులైందని చూపింది. నిజానికి అయింది 66. అతన్ని వెనక్కి పంపి, మరో దాత కోసం మళ్లీ మొదటి నుంచి ఫోన్లు. ఆ గంటసేపు రోగి తల్లి మా మొహాలే చూస్తూ కూర్చుంది.

కారణం: అతను ఇచ్చింది జూన్ 5న. మేం 05/06 అని కొట్టాం. కంప్యూటరు సెట్టింగు అమెరికా పద్ధతిలో ఉండటంతో అది మే 6 అయింది. గుర్తుపట్టే దారి ఒకటుంది: తేదీల గడిలో కొన్ని ఎడమకు, కొన్ని కుడికి జరిగి ఉంటాయి. 25/06 లాంటివి దానికి అర్థంకాక మామూలు అక్షరాలుగా ఎడమవైపు ఉండిపోతాయి.

పరిష్కారం: కంప్యూటరు సెట్టింగుల్లో రీజియన్‌ను ఇండియాకు మార్చండి. ఎడమకున్నవి ఎక్సెల్ డేటా మెనూలోని టెక్స్ట్ టు కాలమ్స్‌లో రోజు-నెల-సంవత్సరం వరుస ఎంచుకుంటే సరవుతాయి. కుడికున్నవే ప్రమాదం, పైకి సరిగ్గానే కనిపిస్తాయి. వాటిని కాగితం ఫారాలతో ఒక్కొక్కటిగా పోల్చడం తప్ప దారిలేదు. ఇకమీదట నెలను పేరుతోనే రాయండి.

సమస్య: ఫోన్ చేస్తే ఎవరో ఎత్తుతారు.

2021 నవంబరు వరదల్లో అన్నం పొట్లాలు పంచడానికి మనుషులు కావాలని పాత జాబితా తీస్తే, ఒకరు బెంగళూరులో, ఇంకొకరు చెన్నైలో. మన వాలంటీర్లలో చాలామంది ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ పిల్లలు. చదువైపోతే ఊరు మారతారు, సిమ్ము మారుతుంది. కోర్సు ముగిసే సంవత్సరం, ఇంట్లోవాళ్ల నంబరు, చివరిసారి మాట్లాడిన తేదీ అని మూడు గడులు పెట్టండి. ఏడాదికోసారి అందరికీ ఫోన్ చేయండి.

సమస్య: ఏ ఫైలు అసలుదో తెలియదు. గూగుల్ షీట్ ఒక్కటే ఉంచి, మార్చే హక్కు ఇద్దరికే ఇవ్వండి. ఎవరైనా పొరపాటున చెరిపినా వెర్షన్ హిస్టరీలో పాతది దొరుకుతుంది.

ఆ షీటును మాత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. రాత్రిపూట తెలియని ఫోన్లు వస్తున్నాయని ఒక అమ్మాయి మా దగ్గర ఏడ్చాకే మాకు బుద్ధొచ్చింది. ఏ పని ఎవరు చూస్తున్నారో వాళ్లకు ఆ పనికి కావలసిన నంబర్లే ఇవ్వండి, అదీ పని ఉన్న రోజుకే. ఆధార్ జిరాక్సులు తీసుకోవద్దు. ఇప్పటికే బీరువాలో ఉంటే ఈ వారమే ఎవరివి వాళ్లకు ఇచ్చేయండి.