టాంగ్‌మియర్ మ్యూజియం: యుద్ధకాలపు ఎయిర్‌బేస్‌ను ఒక్క రోజులో ఎలా చూడాలి?

ఇంగ్లాండ్‌లో ఉంటున్న మనవాళ్లు పాత విమానాలు చూడాలంటే లండన్‌లోని పెద్ద మ్యూజియానికే వెళ్తారు. సాయంత్రానికి కాళ్లు పీకుతాయి, చూసినవన్నీ మనసులో కలగాపులగం అవుతాయి. ఈసారి దక్షిణ తీరంలో, చిచెస్టర్ ఊరి పక్కనున్న టాంగ్‌మియర్‌కు వెళ్లి చూడండి. 1917లో మొదలైన ఎయిర్‌బేస్ అది. 1970లో మూతపడింది. 1982 నుంచి అక్కడ వలంటీర్లు ఒక చిన్న మ్యూజియం నడుపుతున్నారు.

వెళ్లేముందు రెండు తేదీలు గుర్తుపెట్టుకోండి: 1940 ఆగస్టు 16 మధ్యాహ్నం, 1943 జూన్ 16 రాత్రి. ఈ రెండూ తెలిస్తే అక్కడ కనబడే సగం వస్తువులు వాటంతటవే కథ చెబుతాయి.

బయల్దేరే ముందు

మ్యూజియం వెబ్‌సైట్‌లో ఆ వారం ఏయే రోజులు తెరుస్తారో తప్పకుండా చూసుకోండి. చిన్న మ్యూజియాలు అన్ని రోజులూ తెరిచి ఉండవు, చలికాలంలో కొన్నాళ్లు పూర్తిగా మూసేస్తారు కూడా. లండన్ విక్టోరియా స్టేషన్ నుంచి చిచెస్టర్‌కు నేరుగా రైలు ఉంటుంది. అక్కడి నుంచి టాంగ్‌మియర్ ఐదు కిలోమీటర్లు ఉంటుంది. బస్సులో వెళ్లొచ్చు, నలుగురుంటే ట్యాక్సీ మేలు. తిరుగు బస్సు టైమింగ్స్ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. పిల్లలుంటే డబ్బాలో పులిహోర కట్టుకెళ్లండి, మధ్యాహ్నం తినడానికి పరుగులు పెట్టక్కర్లేదు.

లోపలికి వెళ్లగానే

టికెట్ తీసుకున్నాక, అక్కడ నిలబడ్డ ఒక పెద్దాయన్నో పెద్దావిడనో పలకరించండి. వలంటీర్లలో చాలామంది రిటైరైనవాళ్లు. "మీకు ఇక్కడ బాగా నచ్చిన వస్తువు ఏది?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో బోర్డుల మీద లేని సంగతులు ఎన్నో బయటికొస్తాయి. బదులుగా మన కథ కూడా చెప్పండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయని చెబితే ఎంతో ఆసక్తిగా వింటారు.

మొదటి తేదీ: 1940 ఆగస్టు 16

ముందు బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ (1940లో బ్రిటన్ ఆకాశంలో జర్మనీతో జరిగిన విమానాల పోరు) హాలుకు వెళ్లండి. జెట్ విమానాలు చూడగానే అటే కాళ్లు లాగుతాయి, అయినా వాటిని చివరికి ఉంచండి. మొదటిసారి నేను నేరుగా వాటి దగ్గరికే వెళ్లాను. ఈ హాలుకు వచ్చేసరికి ఓపిక అయిపోయి, పైపైన చూసి వచ్చేశాను. అసలైన విషయమంతా ఇక్కడే ఉందని రెండోసారి వెళ్లినప్పుడే తెలిసింది.

టాంగ్‌మియర్ సెక్టార్ స్టేషన్. అంటే తీరంలోని రాడార్లు పట్టిన సమాచారం పై కార్యాలయాల నుంచి ఇక్కడి ఆపరేషన్స్ రూమ్‌కు వచ్చేది. ఏ స్క్వాడ్రన్ (యుద్ధవిమానాల దళం) ఎప్పుడు ఎగరాలో, ఎటు తిరగాలో ఇక్కడి నుంచే రేడియోలో చెప్పేవారు. అందుకే జర్మనీకి ఇది ముఖ్యమైన గురి అయింది. ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో స్టూకా విమానాలు దాదాపు నిటారుగా దూకుతూ బాంబులు వేశాయి. హ్యాంగర్లు నేలమట్టమయ్యాయి, పదిమందికి పైగా చనిపోయారు. అయినా బేస్ మాత్రం మూతపడలేదు.

అదే రోజు 601 స్క్వాడ్రన్‌లోని బిల్లీ ఫిస్క్ అనే అమెరికన్, దెబ్బతిన్న తన హరికేన్ యుద్ధవిమానాన్ని ఎలాగో ఇక్కడికే తెచ్చి దించాడు. ఒళ్లు కాలిపోయింది, మర్నాడు ప్రాణం పోయింది. అప్పటికింకా అమెరికా యుద్ధంలోకే దిగలేదు. చలికాలపు ఒలింపిక్స్‌లో రెండుసార్లు స్వర్ణం గెలిచిన మనిషి అతను.

ఈ హాలులో ఒక హరికేన్ శకలాలున్నాయి. 1940 ఆగస్టు 30న హోవ్ పట్టణంలోని ఒక వీధిలో కూలి భూమిలో కూరుకుపోయిన విమానం అది. నడిపినవాడు 43 స్క్వాడ్రన్‌కు చెందిన సార్జెంట్ డెన్నిస్ నోబుల్. 1996లో తవ్వి తీశారు. నలిగిపోయిన ఆ లోహం దగ్గర కనీసం ఐదు నిమిషాలు నిలబడండి. పిల్లలకు కూడా అక్కడ గట్టిగా మాట్లాడొద్దని ముందే చెప్పండి.

రెండో తేదీ: 1943 జూన్ 16

ఇప్పుడు రాత్రి కథ. జర్మనీ ఆక్రమించిన ఫ్రాన్స్‌లోకి గూఢచారులను దింపడానికి లైసాండర్ అనే చిన్న విమానాలు వాడేవారు. మామూలు పొలం దొరికితే చాలు, అవి దిగి మళ్లీ ఎగరగలవు. పైలట్‌కు దారి కనబడాలి కాబట్టి వెన్నెల రాత్రుల్లోనే వెళ్లేవారు. కింద మనుషులు మూడు టార్చిలైట్లు పెట్టి ఎక్కడ దిగాలో చూపించేవారు. పక్కనున్న నిచ్చెన మీదుగా జనం దిగడం, తిరిగొచ్చేవాళ్లు ఎక్కడం నిమిషాల్లో అయిపోయేది. ఫ్రాన్స్‌కు దగ్గర కావడంతో పున్నమి రోజుల్లో ఈ విమానాలు టాంగ్‌మియర్‌కు వచ్చి ఆగేవి.

ఆ జూన్ రాత్రి ఇక్కడి నుంచి వెళ్లినవారిలో నూర్ ఇనాయత్ ఖాన్ ఉంది. టిప్పు సుల్తాన్ వంశం, వయసు 29. ఆమె తండ్రి ఇనాయత్ ఖాన్ సంగీత విద్వాంసుడు. మన హైదరాబాద్‌లోనే సూఫీ గురువుకు శిష్యుడయ్యారు, నిజాం ముందు కచేరీ చేశారు. బ్రిటన్ నుంచి ఫ్రాన్స్‌కు రేడియో ఆపరేటర్‌గా పంపిన మొదటి మహిళ నూర్. వెళ్లిన కొద్దిరోజులకే తోటివాళ్లు వరసగా దొరికిపోయారు. వెనక్కి వచ్చేయమంటే ఆమె ఒప్పుకోలేదు. అక్టోబరులో పట్టుబడింది. 1944 సెప్టెంబరు 13న జర్మనీలోని డాఖావ్ నాజీ నిర్బంధ క్యాంపులో చంపేశారు. 1949లో ఆమెకు బ్రిటన్ సాహస పతకం జార్జ్ క్రాస్ ప్రకటించారు.

అందుకే నా సలహా: గూఢచారుల విమానాలకు సంబంధించిన ప్రదర్శనకు మీ రోజులో ఎక్కువ సమయం ఇవ్వండి. మ్యూజియానికి వెళ్లే ముందే ఇంట్లో పిల్లలకు ఆమె గురించి చెప్పి తీసుకెళ్లండి.

హైదరాబాద్ పేరు ఆ ఆకాశంలో ఇంకోలా కూడా ఉంది. నిజాం విరాళాలకు గుర్తుగా బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్‌లో మూడు స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరు పెట్టారు: 110, 152, 253. వీటిలో 152 స్క్వాడ్రన్ 1940లో డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలు నడిపింది. దాని బ్యాడ్జి మీద నిజాం తలపాగా ఉంటుంది. వలంటీర్లతో మాట కలపడానికి ఇంతకన్నా మంచి విషయం మనకు దొరకదు.

ఇప్పుడు జెట్లు

ఎర్ర రంగు హంటర్ విమానం 1953లో గంటకు 727 మైళ్లు దాటి ప్రపంచ రికార్డు కొట్టింది. దానికి ముందు 1946లో మీటియర్ 616 మైళ్ల వేగంతో రికార్డు సాధించింది. రెండూ ఇక్కడి నుంచే ఎగిరాయి, రెండూ సెప్టెంబరు 7నే. పిల్లలు ఈ హాలు వదిలి రారు కాబట్టి గంట కేటాయించండి.

బయటికొచ్చాక

రన్‌వేలు ఉన్న నేలలో ఇప్పుడు పెద్ద పెద్ద గాజు షెడ్లలో క్యాప్సికం పండిస్తున్నారు. పాత కంట్రోల్ టవర్ శిథిలంగా నిలబడి ఉంది. అది ప్రైవేటు స్థలం కాబట్టి కంచె దాటకండి.

ఊళ్లోని సెయింట్ ఆండ్రూస్ చర్చికి నడిచి వెళ్లండి. ఆ ఆవరణలో బ్రిటిష్ వాయుసైనికుల సమాధులతో పాటు జర్మన్ వాయుసైనికుల సమాధులు కూడా ఉన్నాయి. రాళ్ల మీద వయసులు చూడండి, చాలావరకు ఇరవైల్లోనే. ఇంకా ఓపిక, వెలుతురు ఉంటే పక్క ఊరు బాక్స్‌గ్రోవ్ దాకా వెళ్లొచ్చు. బిల్లీ ఫిస్క్ సమాధి అక్కడి చర్చి ఆవరణలో ఉంది. ఒక చిన్న పూలగుత్తి చిచెస్టర్‌లోనే కొని సంచిలో పెట్టుకుంటే మంచిది, ఆ ఊళ్లో దొరక్కపోవచ్చు.