నిమ్మతోటలో ఏ మచ్చ ఏ పురుగుది? డెల్టా రైతుకు సమస్య - పరిష్కారం

గోదావరి డెల్టాలో నిమ్మ చాలాచోట్ల కొబ్బరి కింద రెండు మూడు వరసలుగానో, దొడ్లో నాలుగు చెట్లుగానో కనిపిస్తుంది. ఏలూరు వైపు మెరక నేలల్లో మాత్రం ఎకరాల లెక్కన వేస్తారు. ఎక్కడ వేసినా ఒక సంగతి మారదు. నిమ్మను బాధపెట్టే పురుగుల్లో చాలా వాటికి కావలసింది లేత ఇగురు. చెట్టు ఇగురేసే రోజుల్లో వారానికోసారి తోటలో తిరిగినవాడికి సగం మందు ఖర్చు తప్పుతుంది. ముదిరిన ఆకు మీద మచ్చ చూసి మందుల షాపుకి పరిగెత్తితే, ఆ మచ్చ చేసిన పురుగు అప్పటికే ఎగిరిపోయి ఉంటుంది.

చూడటానికి పెద్ద సామాను అక్కర్లేదు. పది రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం, ఒక తెల్ల అట్ట, జానెడు కర్ర చాలు. తోట అంతటా అక్కడో చెట్టు ఇక్కడో చెట్టు పట్టుకుని, చెట్టుకి నాలుగు దిక్కులా ఒక్కో ఇగురు తిప్పి చూడాలి. గట్టు పక్క చెట్లను వదలొద్దు, పురుగు ముందు అక్కడే దిగుతుంది.

లేతాకు మీద పాము పాకినట్టు వెండి గీతలు, ఆకు ముడత

ఇది ఆకు దొలుచు పురుగు, పాముపొడ అని కూడా అంటారు. పిల్లపురుగు ఆకు పైపొర కింద దూరి తింటూ పోతుంది. మందు పొర మీదే ఆగిపోతుంది కాబట్టి తాకితేనే చంపే మందులు దీని మీద పనిచేయవు. కాపుకొచ్చిన పెద్దచెట్టు ఈ దెబ్బను తట్టుకుంటుంది. గీతలున్నాయని ఆకులు కత్తిరించడం కూడా దండగ, మిగిలిన పచ్చదనం చెట్టుకి తిండి పెడుతూనే ఉంటుంది. పైగా కత్తిరిస్తే మళ్లీ ఇగురేసి పురుగుని పిలిచినట్టవుతుంది.

జాగ్రత్త పడాల్సింది నాటిన మూడు నాలుగేళ్లలోపు మొక్కల విషయంలో. ఇగురు అంగుళం ఉండగానే వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున కాస్త సబ్బునీళ్లు కలిపి కొట్టి, వారం పది రోజులకి మళ్లీ కొట్టాలి. ఉధృతంగా ఉంటే ఇమిడాక్లోప్రిడ్ లీటరుకు అర మి.లీ. అయితే నిమ్మలో ఇగురూ పూతా చాలాసార్లు కలిసే వస్తాయి. పూత మీద ఇమిడాక్లోప్రిడ్ కొడితే తేనెటీగలు చస్తాయి, అప్పుడు వేపనూనెతోనే సరిపెట్టుకోవాలి, అదీ సాయంత్రం పూట.

ఈ గీతల వెంట తర్వాత గజ్జి మచ్చలు లేస్తాయి. గజ్జి బాక్టీరియా తెగులు, పురుగు చేసిన గాయంలోంచి లోపలికి పోతుంది. కాపర్ ఆక్సీక్లోరైడ్ (లీటరుకు 3 గ్రా.) గజ్జికి పనికొస్తుంది కానీ పురుగుని ఏమీ చేయదు. రెంటినీ ఒకే జబ్బనుకుని ఒకే మందు కొట్టేవాళ్లే ఎక్కువ.

ఇగురు మెలితిరగడం, చివర్లలో తెల్లటి మైనపు దారాలు

అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సింది దీనికే. ఇది సిల్లా పురుగు. పెద్దపురుగు మూడు నాలుగు మిల్లీమీటర్లే, ఆకు మీద తల దించి వెనకభాగం ఏటవాలుగా పైకెత్తి కూర్చుంటుంది, ఆ కూర్చోవడంతోనే గుర్తుపట్టొచ్చు. కొమ్మ కింద తెల్ల అట్ట పట్టి కర్రతో మూడు దెబ్బలు తట్టండి, ఉంటే అట్ట మీద పడతాయి.

రసం పీల్చడం వల్ల పోయేది కొంతే. ఇది మోసుకొచ్చే, ఆకుల్ని పసుపెక్కించే గ్రీనింగ్ జబ్బుకి మందు లేదు. ఆ జబ్బుని జింకు లోపంగా పొరపడి జింకు కొట్టుకుంటూ కూర్చునేవాళ్లున్నారు. ఆకు నడిమి ఈనెకి అటూ ఇటూ ఒకే చోట పెన్నుతో చిన్న సున్నాలు చుట్టి చూడండి. రెండు సున్నాల్లోనూ పసుపు ఒకేలా ఉంటే పోషక లోపం. ఒకవైపు పసుపు, ఇంకోవైపు ఆకుపచ్చ ఉంటే గ్రీనింగ్‌ని అనుమానించి ఉద్యాన అధికారికి చూపించాలి. ఖాయమైతే చెట్టు తీసేయాల్సిందే, ముందు సిల్లాకి మందు కొట్టి తర్వాత నరకాలి. లేకపోతే పురుగులు పక్క చెట్టుకి ఎగురుతాయి.

సిల్లాకి థయామిథాక్సామ్ లీటరుకు 0.3 గ్రా. లేదా ఇమిడాక్లోప్రిడ్ అర మి.లీ. చెబుతారు. ఇవి రెండూ ఒకే జాతి మందులు. ఒకసారి ఇది, ఇంకోసారి అది కొట్టి మందు మార్చామనుకుంటే లాభం లేదు, మధ్యలో వేపనూనె రావాలి. ఇంటి వెనక కరివేపాకు చెట్టు మీద కూడా సిల్లా బతుకుతుంది, దాన్నీ చూసుకోండి. కడియం నర్సరీల నుంచి అంటు తెచ్చుకునేటప్పుడు ఇగురు తిప్పి చూడకుండా బండెక్కించొద్దు.

ఆకుల మీదా కాయల మీదా నల్లటి మసి

మసి అసలు జబ్బు కాదు. నల్లదోమ, పొలుసు పురుగు, పిండినల్లి వదిలే బంక మీద పెరిగే బూజు అది. ఆకు అడుగున చూడండి, నల్లటి చుక్కల్లా గట్టిగా అంటుకుని ఉంటే నల్లదోమ పిల్లలు. వేపనూనె ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. ఒత్తుగా పెరిగిన కొమ్మలు తీసి గాలీ వెలుతురూ ఆడనివ్వాలి, కొబ్బరి నీడలో ఇది మరీ ముఖ్యం. మసి పోవడానికి ఎండ ఉన్న రోజు పలచని గంజి కొడితే ఆరాక పెచ్చులుగా రాలిపోతుంది.

చీమలు బారులు తీరి చెట్టెక్కుతుంటే ముందు వాటిని ఆపండి. బంక కోసం అవి పిండినల్లికి కాపలా కాస్తాయి, తినడానికి వచ్చిన అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. నేలను తాకే కొమ్మలు కత్తిరిస్తే సగం దారి మూసుకుపోతుంది.

కాయ తొక్క గోధుమరంగు తిరగడం

కాయంతా గరుకుగా తుప్పు రంగు తిరిగితే మంగు, అది నల్లి పని. తొడిమ చుట్టూ ఉంగరంలా మచ్చ ఉంటే తామర పురుగు. ముదిరాక రెండూ నయం కావు, కాయ గోళీ సైజులో ఉన్నప్పుడే చూడాలి. మంగుకి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రా. మండుటెండలో కొడితే ఆకు మాడుతుంది, నూనె మందు కొట్టిన మూడు వారాల్లోపూ కొట్టకూడదు. పాత కరపత్రాల్లో కనిపించే నల్లి మందు డైకోఫాల్‌ని 2023లో కేంద్రం నిషేధించింది. అదే ఉత్తర్వుతో క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందుని నిమ్మజాతి పంటల మీద వాడకూడదన్నారు. షాపులో వేరే పంటకని కనిపిస్తుంది, నిమ్మకి మాత్రం అడగొద్దు.

ఆకులు కొరికేసి ఉండటం

పిట్ట రెట్టలా కనిపించేది పురుగే, నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. కొద్ది మొక్కలే అయితే చేత్తో ఏరేయండి, నారుమడి అయితే బీటీ మందు (పురుగుని చంపే బాక్టీరియాతో చేసింది) లీటరుకు గ్రాము.

కాండం మీద పొట్టు కలిసిన గూడు లాంటి అల్లిక

బెరడు తినే పురుగు. పగలు బొరియలో ఉండి రాత్రి తింటుంది. ఆ అల్లిక తుడిచేసి, బొరియలోకి ఇనుప చువ్వ దూర్చి, పెట్రోలులో తడిపిన దూది పెట్టి బంకమట్టితో మూసేయాలి.

కాయకి సూదంత చిల్లు, కుళ్లి రాలడం

కోసి చూస్తే లోపల పురుగు లేకపోతే అది రాత్రిపూట రసం పీల్చే రెక్కలపురుగు. పచ్చిగా కోసే నిమ్మకన్నా చెట్టు మీద పండే బత్తాయికీ, పెరటి పంపరపనసకీ దీని బెడద ఎక్కువ. చీకటి పడ్డాక టార్చి వేస్తే కళ్లు ఎర్రగా మెరుస్తాయి. దీని పిల్లలు కంచెల మీద, కాలవ గట్ల మీద పాకే తిప్పతీగ, దూసరితీగ తిని పెరుగుతాయి. తోట చుట్టూ ఆ తీగలు తీసేయండి, రాలిన కాయలు ఏరి పూడ్చండి, పంపరపనసకి సంచి కట్టండి.

వానల తర్వాత చెట్టంతా పసుపు

ఇగురు మీద ఏ పురుగూ లేదు, అట్ట మీద ఏదీ పడలేదు, అయినా చెట్టు పసుపెక్కుతోందా? వేరు దగ్గర తవ్వి చూడండి. నీళ్లు నిలబడి వేరు నల్లబడితే వాసన వస్తుంది. దానికి పురుగుమందు కొట్టొద్దు, వరసల మధ్య బోదె తీసి నీళ్లు కాలవలోకి వదలండి.