చలి ప్రాంతపు పెరట్లో కమలా చెట్టు: అంటు చోటును కాపాడుకోవడం

అమెరికాలోని జార్జియా, ఉత్తర టెక్సాస్ వంటి చోట్ల మన ఊరి నిమ్మను పెరటి నేలలో నాటి మొదటి గడ్డకట్టే చలికే పోగొట్టుకోవడం కంటే, మూడాకుల నారింజ వేరుమొక్కపై (అంటుకు కింద వేళ్లనిచ్చే మొక్క) అంటుకట్టిన సత్సుమా అనే కమలా రకాన్ని ఇంటి దక్షిణపు గోడ పక్కన నాటుకోవడం మేలు. బాగా ఎదిగిన సత్సుమా చెట్టు, చలికి క్రమంగా అలవాటుపడి ఉంటే, సుమారు మైనస్ 8 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకుంటుంది. లేత మొక్కకు మాత్రం అంత ఓపిక ఉండదు. అందుకే మొదటి రెండు మూడేళ్లు, గట్టి చలి రాకముందే, అంటుకట్టిన చోటు మునిగి పైన జానెడు కాండం కూడా కప్పబడేలా శుభ్రమైన మట్టిని మొదలు చుట్టూ పోసి, చలి తగ్గగానే కాండం కుళ్లకుండా ఆ మట్టిని తీసివేయాలి. పైకొమ్మలు మాడిపోయినా మట్టిలో దాగిన ఆ భాగం నుంచి అసలు రకమే మళ్లీ చిగురిస్తుంది. అంటుకు దిగువన, ఒక్కో కాడకు మూడేసి ఆకులతో ముళ్ల చిగురు కనిపిస్తే అది వేరుమొక్కదే కనుక, ఎంత ఏపుగా ఉన్నా మొహమాటపడకుండా తుంచివేయాలి. మాడినట్లు కనిపించే కొమ్మలను కోయడానికి మాత్రం తొందర వద్దు. వసంతంలో కొత్త చిగురు ఎక్కడి వరకు వచ్చిందో చూశాకే కత్తెర పట్టాలి.