బండలు పరిచిన మిద్దె ఉరుస్తుంటే సందులు ఎలా నింపాలి?

కర్నూలు, అనంతపురం, కడప వైపు స్లాబు మీద నాపరాళ్ళు పరిచిన మిద్దెలు వీధివీధికీ కనిపిస్తాయి. అవి ఉరవడం మొదలుపెట్టగానే చాలామంది వాటర్‌ప్రూఫ్ రంగు బకెట్ తెచ్చి మిద్దెంతా పూసేస్తారు. మొదటి వానకు బాగానే ఉంటుంది. ఒక ఎండాకాలం గడిచేసరికి సరిగ్గా సందుల మీదే ఆ రంగు చీలిపోతుంది, మళ్ళీ అదే గదిలో అదే చోట చెమ్మ.

కారణం సందుల్లోనే ఉంది. నల్లబండ పగలంతా ఎండకు కాలి సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. ఏళ్ళ తరబడి ఇలా జరిగి సందులో పెట్టిన సిమెంటు రాతి అంచును వదిలేస్తుంది. వెంట్రుకవాసి చీలిక చాలు, నీళ్ళు బండ కింది మాలులోకి (సిమెంటు, ఇసుక కలిపిన ముద్దలోకి) దిగుతాయి. పైన ఎండ కాస్తున్నా ఆ మాలు రోజుల తరబడి తడిగానే ఉండి స్లాబులోకి చెమ్మ పంపిస్తుంది. అందుకే ముందు సందు, ఆ తర్వాతే రంగు.

ఇది ఆర్‌సీసీ స్లాబు (ఇనుప కడ్డీలు వేసి పోసిన కాంక్రీటు) ఉన్న ఇళ్ళకు మాత్రమే. దూలాల మీద బండలు పేర్చి చౌడు పోసిన పాత మిద్దెకు సిమెంటు పని పెట్టకండి. దానికి ఏటా వానలకు ముందు చౌడు వేసి అణచడమే మందు. స్లాబు కింద పెచ్చులూడి తుప్పు పట్టిన కడ్డీలు కనిపిస్తుంటే, ముందు ఇంజనీరుకు చూపించాలి. ఫ్యాను కొక్కెం దగ్గరో లైటు పాయింటు దగ్గరో నీళ్ళు చుక్కలు పడుతుంటే ఆ గది ఎంసీబీ (కరెంటు పెట్టెలో ఆ గదికి ఉండే స్విచ్) దించి, చెమ్మ పూర్తిగా ఆరేదాకా ఎత్తకండి.

పనికి మంచి కాలం ఉగాది లోపల. మే నెల మిట్టమధ్యాహ్నం కట్టిన మాలు గట్టిపడక ముందే ఎండిపోయి పొడిపొడిగా రాలుతుంది.

కావలసినవి: సన్న ఉలి, అరకిలో సుత్తి, ఇనుప బ్రష్, సందులో పట్టే సన్నటి తాపీ, కళ్ళద్దాలు, మాస్కు, గోనెసంచులు. వెయ్యి చదరపు అడుగుల మిద్దెకు, రెండడుగుల చదరం బండలైతే, సందుల పొడవు 300 మీటర్ల దాకా వస్తుంది. పిట్టగోడ మూలలతో కలిపి బస్తాన్నర సిమెంటు, 5 లీటర్ల ఎస్‌బీఆర్ లేటెక్స్ (సిమెంటుకు పట్టు పెంచే పాలలాంటి ద్రవం) డబ్బాలు రెండు సరిపోతాయి. ఇసుక జల్లించిన ఏటి ఇసుకే కావాలి. పెన్న ఇసుక దొరికితే మరీ మంచిది. సందులకు రోబో ఇసుక (రాయి పిండి చేసిన ఇసుక) వాడొద్దు.

ఎక్కడ దిగుతోందో చూడటం

గదిలో చెమ్మ కనిపించే చోటికి సరిగ్గా పైనే తప్పు ఉంటుందని అనుకోకండి. నీళ్ళు బండల కింద వాటాన్ని బట్టి చాలా దూరం పోయి, స్లాబులో బలహీనమైన చోట దిగుతాయి. మిద్దెను మట్టికట్టలతో మూడు నాలుగు మడులుగా విడగొట్టి, ఒక్కో మడిలో అంగుళం లోతు నీళ్ళు ఒక రోజంతా నిలపండి. అంగుళం నీళ్ళంటే చదరపు మీటరుకు 25 కిలోల బరువు. మంచి స్లాబు దాన్ని సులువుగా మోస్తుంది, అంతకు మించి నింపవలసిన పని లేదు. ఏ మడి నిండినప్పుడు కింద తడి పెరిగిందో అక్కడినుంచి పని మొదలవ్వాలి. సుత్తి పిడితో బండలు తట్టి చూడండి. బోలుగా మోగిన బండను లేపి కొత్త మాలు మీద పరచాలి, సందు నింపితే సరిపోదు.

సందుల్లో రావి మొలకలు ఉంటే పైకి పీకేసి ఊరుకోకండి. వేరు లోపలే ఉండి మళ్ళీ చిగురిస్తుంది. సందు తవ్వేటప్పుడు వేరంతా తీయాలి.

సందు తవ్వడం, నింపడం

పని పాడయ్యేదంతా ఇక్కడే. బేల్దారి (తాపీ మేస్త్రి) తొందరలో ఉంటే పాత సిమెంటు మీదే పలచగా కొత్త సిమెంటు రాసేసి పోతాడు. చూడటానికి నున్నగా ఉంటుంది. ఆ పొర కిందనుంచి నీళ్ళు ఎప్పటిలాగే పోతుంటాయి. కూలి ఇచ్చే ముందు ఉలి మొన పెట్టి గీకి చూడండి, పొరగా లేచి వస్తే ఆ పని లెక్కలోకి రాదు.

పాత మాలు కనీసం 20 మి.మీ. లోతుదాకా తీయాలి. సందు వెడల్పు పైన ఎంత ఉందో అడుగున కూడా అంతే ఉండాలి. అడుగున సన్నగా కోసుకుపోయిన సందులో మాలు పట్టు దొరక్క ఊడివస్తుంది. ఉలిని నిలువుగా పెట్టి పెద్ద దెబ్బలు కొట్టొద్దు. నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి అంచు పెచ్చు లేస్తుంది, పక్క బండ కూడా కదులుతుంది. ఉలి కాస్త వాల్చి, సందు వెంట, చిన్న దెబ్బలతో పోవాలి. గ్రైండరుతో పని త్వరగా అవుతుంది కానీ చెయ్యి ఒక్కసారి జారితే బండ దాటి స్లాబులోకి దిగుతుంది. వాడక తప్పకపోతే బ్లేడు లోతు 20 మి.మీ. దగ్గర ఆపండి, మాస్కు లేకుండా ఆ దుమ్ములో నిలబడకండి. కడగడానికి యాసిడ్ అసలు ముట్టొద్దు. కడప బండ, తాడిపత్రి బండ, బేతంచెర్ల బండ అన్నీ సున్నపురాయి జాతివే. యాసిడ్ సిమెంటుతో పాటు రాతి అంచునూ తినేస్తుంది. ఇనుప బ్రష్‌తో రుద్ది, ఊడ్చి, మంచినీళ్ళతో రెండుసార్లు కడిగితే చాలు.

నింపడం పొద్దున తొమ్మిదిలోపు, లేదా సాయంత్రం ఎండ తగ్గాక. ముందురోజు రాత్రే సందులు బాగా తడపండి. నింపే వేళకు రాయి చెమ్మగా ఉండాలి, సందులో నీళ్ళు నిలవకూడదు. పొడిరాయి మాలులోని నీళ్ళు పీల్చేస్తుంది. నీళ్ళు నిలిచి ఉంటే సిమెంటు పలచబడి పట్టు పోతుంది.

ఒక పాలు లేటెక్స్, ఒక పాలు నీళ్ళు కలిపి, అందులో బ్రష్‌తో పూయగలిగేటంత చిక్కగా సిమెంటు వేసి సందు రెండు అంచులకూ పూయండి. మీటరు పొడవు మాత్రమే పూసి, అది జిగటగా ఉండగానే మాలు కూరాలి. వరుసంతా ఒకేసారి పూసుకుంటూ పోతే చివరికి వచ్చేసరికి మొదట పూసింది ఆరి నున్నటి పొరైపోతుంది. దాని మీద కొత్త మాలు అతకదు. పూత పూయకపోవడం కన్నా ఆరిన పూత మీద నింపడమే ఎక్కువ చెరుపు. పొరపాటున ఆరిందంటే గీకేసి మళ్ళీ పూయాల్సిందే.

మాలుకు సిమెంటు ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళు. కిలో సిమెంటుకు 100 మిల్లీలీటర్ల లేటెక్స్ నీళ్ళలో కలిపి పోయండి. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్దగా నిలవాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారకూడదు. అరగంటలో అయిపోయేటంతే కలపండి. బిగుసుకుంటున్న మాలులో మళ్ళీ నీళ్ళు పోసి పిసికే అలవాటు మానుకోవాలి. రెండు విడతలుగా కూరి, తాపీ మొనతో గట్టిగా అదిమి, బండ మట్టానికి నూలంత (అంగుళంలో ఎనిమిదో వంతు) కిందికి తీసి వదిలేయండి. బండ మీదికి పూసిన సిమెంటు మొదట లేచేది. నునుపు కోసం పైన పొడి సిమెంటు చల్లితే గీతలు గీతలుగా పగులుతుంది.

గంట తర్వాత తడి గోనెసంచులు కప్పండి. ఏడు రోజులు అవి ఆరకూడదు. ఈ ఏడు రోజులు బేల్దారి మీద వదలకండి, ఇంట్లోవాళ్ళే చూసుకోవాలి.

మూలలు, గొట్టాలు

పిట్టగోడ, బండ కలిసే మూలలో అదే మాలుతో రెండంగుళాల వాలుకట్టు కట్టండి. అక్కడ గోడ పూత ఊడి ఉంటే గీకేసి కట్టాలి. నీళ్ళు పోయే పీవీసీ గొట్టానికి సిమెంటు అంటదు. దాని చుట్టూ 10 మి.మీ. గాడి తీసి, ఆరాక పీయూ సీలెంట్ (రబ్బరులా సాగే పాలీయురేథేన్ ముద్ద) నింపండి. తారు పోయొద్దు, మా ఎండలకు మెత్తబడి జారిపోతుంది. గొట్టం వైపు పదడుగులకు అంగుళంపావు వాటం లేకపోతే ఆ భాగం బండలు లేపి పరచాలి. వాటం కోసం మిద్దెంతా రెండంగుళాల కాంక్రీటు పోయిద్దామని ఎవరైనా అంటే వద్దనండి. చదరపు మీటరుకు 120 కిలోలు స్లాబు మీద ఎప్పటికీ ఉండిపోతుంది.

పది రోజులయ్యాక మళ్ళీ మడికట్టి నీళ్ళు నిలపండి. కింద పొడిగా ఉంటే మిద్దెను వారం పాటు ఎండనిచ్చి, అప్పుడు తెల్ల కూల్‌రూఫ్ రంగు రెండు పూతలు, ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా వేయండి. తెలుపు వేడిని తిప్పికొడుతుంది కాబట్టి బండ సాగడం తగ్గి సందుల ఆయుష్షు పెరుగుతుంది. కింద ఇంకా తడి కనిపిస్తే రంగు డబ్బా మూత తీయకుండా, ఆ మడిలో సందులు మళ్ళీ తట్టి చూడండి.